కేబుల్ మారిస్తే సౌండ్ మారుతుందా? ఎక్కడ మారుతుంది, ఎక్కడ మారదు

హోమ్ థియేటర్ కొన్నవాళ్ళు, కొత్తగా స్టీరియో యాంప్లిఫయర్ పెట్టుకున్నవాళ్ళు, ఎవరైనా సరే ఓ నెల తిరక్కుండా ఇదే అడుగుతారు, మంచి కేబుల్ వేస్తే సౌండ్ ఇంకా బాగుంటుందా అని. దీనికి ఒకరు వైరు వైరే, మిగతాదంతా మోసం అంటారు, ఇంకొకరు కాదు నా చెవులతో విన్నాను బేస్ ఎంత టైట్ అయిందో అంటారు. ఇద్దరూ ఒకే విషయం మీద కొట్టుకుంటున్నాం అనుకుంటారు గానీ నిజానికి ఒకరి మనసులో ఉన్నది మూడు మీటర్ల వైరు, ఇంకొకరిది పదిహేను మీటర్లది, ఒకరివి 8 ఓమ్ స్పీకర్లు ఇంకొకరివి 4 ఓమ్, అందుకే వాదన తెగదు. నా మాట ముందే సూటిగా చెప్పేస్తాను. కేబుల్ ఏ సౌండ్‌నీ బాగుచెయ్యలేదు, పాడు మాత్రం చెయ్యగలదు. కాబట్టి అడగాల్సింది ఈ కేబుల్ ఎంత బాగుంటుంది అని కాదు, నా ఇంట్లో ఈ పొడవుకి ఈ స్పీకర్‌కి ఇది ఎంత పాడు చేస్తుంది, దాన్ని ఆపడానికి ఏం చాలు అని. ఆ లెక్క చూస్తే చాలామందికి కావాల్సింది ఎలక్ట్రికల్ షాపులో మీటర్ల లెక్కన దొరికే మామూలు రాగి వైరే.

ముందు స్పీకర్ వైరు సంగతి చూద్దాం, ఎందుకంటే నిజమైన తేడా ఎక్కువగా పుట్టేది ఇక్కడే. యాంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కి కరెంటు గట్టిగానే పారుతుంది, స్పీకర్ ఇంపీడెన్స్, అంటే ఓమ్‌లలో కొలిచే కరెంటుకి దాని అడ్డు, చూస్తే 8 ఓమ్‌లో 6 ఓమ్‌లో 4 ఓమ్‌లో, చాలా తక్కువ. అంత తక్కువ లోడ్‌కి వరసలో ఉన్న వైరు ఒక ఓమ్ అడ్డం పడినా అది లెక్కలోకి వచ్చేస్తుంది, కొంత వోల్టేజ్ స్పీకర్ దాకా చేరకుండా వైరులోనే వేడిగా పోతుంది. వైరు రెసిస్టెన్స్‌ని తేల్చేవి మూడే, ఎంత పొడవు, ఎంత మందం, ఏ లోహం. 1 స్క్వేర్ ఎంఎం మందం ఉన్న రాగి తీగకి మీటరుకి సుమారు 0.017 ఓమ్ ఉంటుంది. ఈ స్క్వేర్ ఎంఎం అంకె రెట్టింపు చేస్తే రెసిస్టెన్స్ సగం అవుతుంది, పొడవు రెట్టింపు చేస్తే రెట్టింపవుతుంది, ఇంతకంటే రహస్యం ఏమీ లేదు.

విజయనగరంలో మామూలు టూ బెడ్‌రూమ్ ఇంటి హాలు అనుకోండి. యాంప్లిఫయర్ టీవీ కింద ఉంది, ముందు స్పీకర్లకి వైరు మూడు మీటర్లు చాలు. వెనక స్పీకర్లకి మాత్రం గోడ వెంట పైకెక్కి, గుమ్మం మీదుగా తిరిగి, శ్లాబ్ అంచున పోయి సోఫా వెనక దిగేసరికి 12 మీటర్లు పడుతుంది, కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి అసలు లెక్క 24 మీటర్లు. సెట్టుతో పాటు డబ్బాలో వచ్చే సన్న వైరు 0.25 స్క్వేర్ ఎంఎం ఉంది అనుకుంటే, 24 మీటర్లకి 1.65 ఓమ్ దాకా వస్తుంది. స్పీకర్ 4 ఓమ్ అయితే, సౌండ్ కొలిచే డెసిబెల్ లెక్కలో దాదాపు 3 డీబీ పోయినట్టు, అంటే స్పీకర్‌కి చేరాల్సిన పవర్‌లో సగమే చేరుతోంది. అదే చోట 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే 0.28 ఓమ్, నష్టం 0.6 డీబీ లోపే. 2.5 వేస్తే 0.17 ఓమ్, నష్టం 0.35 డీబీ. ఇక ముందు స్పీకర్లకి ఆ మూడు మీటర్లు 1.5 వైరే వేస్తే మొత్తం 0.07 ఓమ్, 8 ఓమ్ స్పీకర్ మీద 0.1 డీబీ కూడా పోదు. ఒకే ఇంట్లో ఒకే యాంప్లిఫయర్‌కి ముందు వైరు మారిస్తే ఏ తేడా ఉండదు, వెనక వైరు మారిస్తే బోలెడు తేడా ఉంటుంది.

ఇక్కడ చాలామంది వదిలేసే ముక్క ఒకటుంది, అది అర్థమైతే తేడా విన్నాం అనేవాళ్ళలో కొందరు ఎందుకు నిజంగానే విన్నారో తెలుస్తుంది. స్పీకర్ మీద 8 ఓమ్ అని రాసినంత మాత్రాన అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా 8 ఓమ్ ఉండదు. ఒక స్పీకర్‌కి మధ్య స్వరాల్లో 3.2 ఓమ్‌కి పడిపోయి, బేస్ రెజొనెన్స్ దగ్గర, అంటే వూఫర్ తనంతట తాను ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ దగ్గర, 25 ఓమ్‌కి లేచే ఇంపీడెన్స్ ఉంది అనుకోండి, ఇలాంటివి మార్కెట్లో బోలెడు. ఆ 1.65 ఓమ్ సన్న వైరుతో 3.2 ఓమ్ దగ్గర 3.6 డీబీ పోతుంది, 25 ఓమ్ దగ్గర అర డీబీ మాత్రమే పోతుంది. అంటే అంతా సమానంగా తగ్గట్లేదు, మధ్యలో గొంతులు వెనక్కి పోయి బేస్ ఉబ్బినట్టు ముందుకొస్తుంది, వాల్యూమ్ పెంచినా సరికాదు, టోనే మారిపోయింది. అలాంటి వైరు తీసేసి మందపు వైరు వేసినవాళ్ళు గొంతు విచ్చుకుంది, బేస్ అదుపులోకి వచ్చింది అంటే అది నూటికి నూరు పాళ్ళు నిజం. అయితే ఆ మార్పు తెచ్చింది మందం, బ్రాండ్ కాదు. 0.07 ఓమ్ ఉన్న మామూలు వైరు తీసి ఖరీదైన కేబుల్ వేసి 0.05 చేస్తే అదే స్పీకర్ మీద మారేది డీబీలో పదో వంతు కూడా కాదు.

మరి ఎంత మందం చాలు అంటే, ఏళ్ళ తరబడి ఆడియో ఇంజనీర్లు వాడే లెక్క ఒకటుంది, రానూ పోనూ కలిపి వైరు రెసిస్టెన్స్ స్పీకర్ ఇంపీడెన్స్‌లో 5 శాతం దాటకూడదు అని. అమెరికాలో మెకింతోష్ ల్యాబరేటరీలో స్పీకర్లు డిజైన్ చేసిన రోజర్ రసెల్ ఈ లెక్కతోనే ఏ మందానికి ఎంత పొడవు దాకా పోవచ్చో పట్టిక వేసి జనానికి అందుబాటులో పెట్టాడు. దాని ప్రకారం 8 ఓమ్ స్పీకర్‌కి 0.4 ఓమ్ దాకా ఫర్వాలేదు, 4 ఓమ్‌కి 0.2. మన హాలు లెక్కలో వెనక స్పీకర్లు 4 ఓమ్ అయితే 2.5 వైరు, 8 ఓమ్ అయితే 1.5 సరిపోతుంది. ముందు వాటికి 1 వేసినా ఏ లోటూ లేదు. షాపులో పాతవాళ్ళు ఇప్పటికీ 23/76, 40/76 అని ఇస్తారు, మొదటి అంకె ఎన్ని పోగులు అని, రెండోది ఒక్కో పోగు అడ్డకొలత అంగుళంలో పదివేల వంతుల్లో, 40/76 అంటే సుమారు 1.2 స్క్వేర్ ఎంఎం అవుతుంది, 23/76 అయితే 0.7 దాకా. ఇది తెలిస్తే కౌంటర్ దగ్గర తికమక ఉండదు.

మందం తర్వాత లోహం, అసలు మోసం జరిగేది ఇక్కడే, దీని గురించి కోపంగానే రాస్తున్నాను. శ్రీకాకుళంలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో వెనక స్పీకర్లు ఎంత పెంచినా నీరసంగా ఉంటున్నాయని వెళ్ళి చూస్తే, వైరు చూడ్డానికి బలంగా ఉంది, పారదర్శకంగా ఉన్న పీవీసీ లోపల రాగి రంగు మెరుస్తోంది, పైన ఆక్సిజన్ ఫ్రీ అని అచ్చు కూడా ఉంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం ఆ లావుకి ఉండాల్సిన బరువు లేదు. చివర అంగుళం ఒలిచి ఒక్క పోగు విడదీసి బ్లేడుతో గీకితే రాగి పొర లేచిపోయి లోపల తెల్లగా బయటపడింది.

"ఇదేటి తమ్మీ, లోపల తెల్లగుంది, ఇది రాగి కాదేటి?" అని అన్నయ్య బిత్తరపోయాడు.

"అల్యూమినియం అన్నయ్యా. పైన రాగి పూత."

"మరి రాగి రేటే తీసుకున్నాడు కదరా ఆడు!"

దీన్ని సీసీఏ అంటారు, అల్యూమినియం తీగ మీద పల్చగా రాగి తొడిగింది. రాగితో పోలిస్తే అల్యూమినియం కండక్టివిటీ 61 శాతం దగ్గర ఉంటుంది, అంటే పైన ఉన్న రాగి పొర కలుపుకున్నా 2.5 అని చెప్పి అమ్మిన సీసీఏ వైరు పని మాత్రం 1.6 రాగి వైరులా చేస్తుంది, అది కూడా నిజంగా 2.5 మందం ఉంటేనే, చాలావాటికి బయట పీవీసీ లావే తప్ప లోపల లోహం లావు ఉండదు. ఇంకో చిక్కేమిటంటే అల్యూమినియం గాలి తగిలిన వెంటనే మీద ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది, ఆ పొర కరెంటుని పోనివ్వదు, పైగా పోగులు పెళుసుగా ఉండి నాలుగుసార్లు వంచితే తెగిపోతాయి. సీసీఏ వాడకూడని వస్తువు అని నేను అనను, తెలిసి మందం ఒక సైజు పెంచి కొనుక్కుంటే పనిచేస్తుంది, రాగి అని చెప్పి అమ్మడమే అన్యాయం. కనిపెట్టడానికి బ్లేడు చాలు. ఒక్క జాగ్రత్త, పైన వెండిరంగు ఉండి గీకితే లోపల ఎర్రగా కనిపిస్తే అది తగరం పూసిన రాగి, అది మంచిదే, సీసీఏకి సరిగ్గా తిరగబడి ఉంటుంది. బరువు కూడా చెప్పేస్తుంది, రాగి సాంద్రత 8.96, అల్యూమినియం 2.7, చుట్ట చేతిలో పెట్టుకుంటే తెలియకుండా ఉండదు. ఇంటి వైరింగ్‌కి వాడే ఐఎస్ఐ మార్కు మల్టీస్ట్రాండ్ రాగి వైరు 90 మీటర్ల కాయిల్‌లో వస్తుంది, అందులోంచి ఎరుపొకటి నలుపొకటి తీసుకుని జంటగా మెలివేసి స్పీకర్‌కి వాడుకోవచ్చు, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల ఎలక్ట్రికల్ షాపుల్లో చాలామంది మీటర్ల లెక్కన కూడా కోసి ఇస్తారు.

ఇక ఆక్సిజన్ ఫ్రీ కాపర్, ఓఎఫ్‌సీ అని రాసేదాని సంగతి. కరెంటు వైర్లకి వాడే మామూలు రాగే 99.9 శాతం శుద్ధమైనది, ఓఎఫ్‌సీ 99.95 పైన ఉంటుంది, కండక్టివిటీలో ఈ రెండిటి మధ్య తేడా మహా అయితే ఒక శాతం. ఆ ఒక శాతం కోసం రెట్టింపు పెట్టేకన్నా వైరు అర మీటరు తక్కువ వాడితే అంతకంటే ఎక్కువ లాభం. వెండి రాగి కన్నా ఆరు శాతం మెరుగు, రాగిని కొంచెం మందంగా తీసుకుంటే అది కూడా భర్తీ అయిపోతుంది. స్కిన్ ఎఫెక్ట్ అని ఒకటి చెప్తారు, హై ఫ్రీక్వెన్సీ కరెంటు తీగ పైపైనే నడుస్తుంది అని, అది నిజమైన ఫిజిక్సే, కాకపోతే 20 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా రాగిలో ఆ లోతు 0.46 ఎంఎం ఉంటుంది, మనం వాడే వైరుకి అది సౌండ్‌లో వినబడేంత మార్పు తేలేదు. ఎడమ కుడి వైర్లు సమానంగా ఉండాలి లేకపోతే సౌండ్ ముందూ వెనకా అవుతుంది అన్నది కూడా భయమే. వైరులో సిగ్నల్ మీటరుకి దాదాపు 5 నానోసెకన్లలో పోతుంది, ఆ టైములో గాలిలో సౌండ్ కదిలే దూరం ఎంఎంని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒకటో రెండో, అంతే. మీరు సోఫాలో తల కొంచెం పక్కకి తిప్పితే అంతకు వేలరెట్ల తేడా వస్తుంది. ఒక ఛానెల్ వైరు పొడవైపోతే కోసెయ్యండి, చుట్ట చుట్టి దాచక్కర్లేదు. కేబుల్ మీద బాణం గుర్తులు, వంద గంటలు వాయిస్తే విచ్చుకుంటుంది అనే మాటలు, వీటికి స్పీకర్ వైరులో భౌతిక కారణం ఏదీ లేదు, ఆడియో సిగ్నల్ ఏసీ, సెకనుకి వందలసార్లు, వేలసార్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు రెండో రకం, సీడీ ప్లేయర్ నుంచో టీవీ నుంచో ఫోన్ డాక్ నుంచో యాంప్లిఫయర్‌కి వచ్చే, ఎరుపు తెలుపు ప్లగ్‌లు ఉండే ఆర్‌సీఏ కేబుల్. ఇక్కడ కథ పూర్తిగా వేరు. కరెంటు దాదాపు లేదు, యాంప్లిఫయర్ ఇన్‌పుట్ పది వేల నుంచి యాభై వేల ఓమ్‌ల దాకా ఉంటుంది కాబట్టి కేబుల్ రెసిస్టెన్స్ ఒక ఓమ్ ఉంటే ఏమిటి రెండు ఓమ్‌లు ఉంటే ఏమిటి. కెపాసిటెన్స్, అంటే కేబుల్ తనలో కాస్త చార్జ్ పట్టి ఉంచే గుణం, మీటరుకి 100 పీకోఫారడ్ దగ్గర ఉంటుంది, మూడు మీటర్ల కేబుల్‌కి వెయ్యి ఓమ్‌ల సోర్స్ పెట్టినా హై ఫ్రీక్వెన్సీ తగ్గడం మొదలయ్యేది 500 కిలోహెర్ట్జ్ దాటాక, మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది. ఒక్కచోట మాత్రం కెపాసిటెన్స్ నిజంగా లెక్కలోకి వస్తుంది, రికార్డ్ ప్లేయర్ మీద మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్, అంటే ముల్లుతో పాటు చిన్న అయస్కాంతం కదిలే రకం, ఉంటే. దాని కాయిల్ ఇండక్టెన్స్ ఎక్కువ, కేబుల్ కెపాసిటెన్స్ దానితో కలిసి పై ఫ్రీక్వెన్సీల్లో ఎత్తు తెస్తుంది, అందుకే కంపెనీలు ఇన్ని పీకోఫారడ్ల లోపు ఉండాలని కార్ట్రిడ్జ్ స్పెక్‌లోనే రాస్తాయి. ఇంట్లో పాత ఎల్పీలు దాచుకుని మళ్ళీ వింటున్నవాళ్ళు ఆ అంకె చూసుకుని తక్కువ కెపాసిటెన్స్ ఉన్న పొట్టి కేబుల్ వాడాలి, అది మూఢనమ్మకం కాదు.

ఆర్‌సీఏలో మనల్ని నిజంగా సతాయించేది హమ్. తంబుర శ్రుతి మీద ఆలాపన నెమ్మదిగా సాగుతుంటే కింద నుంచి గుయ్యిమని ఇంకో శ్రుతి వినపడుతూ ఉంటుంది చూశారా, అది 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100 హెర్ట్జ్, మన ఇంటి కరెంటే. దీనికి ఖరీదైన కేబుల్ కొనేస్తారు చాలామంది, డబ్బు పోతుంది హమ్ పోదు, ఎందుకంటే ఎక్కువసార్లు కారణం కేబుల్ కాదు, ఎర్త్ లూప్. టీవీ సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే డిష్ కేబుల్ బయట ఎక్కడో ఎర్త్ అవుతుంది, యాంప్లిఫయర్ ఇంటి ఎర్త్‌కి ఉంటుంది, రెండు ఎర్త్‌ల మధ్య చిన్న వోల్టేజ్ తేడా ఉంటే దానివల్ల ఆర్‌సీఏ కేబుల్ షీల్డ్, అంటే లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగు, మీదుగా కరెంటు పారుతుంది, అది హమ్‌గా వినపడుతుంది. కనుక్కోవడం కష్టం కాదు. యాంప్లిఫయర్ ఆన్‌లో ఉంచి వాల్యూమ్ బాగా తగ్గించి, ఇన్‌పుట్ కేబుల్స్ ఒక్కొక్కటీ తీసి చూడండి, ఏది తీస్తే ఆగిందో అటు వెతకాలి. టీవీ కేబుల్ పీకగానే హమ్ పోతే దారి దొరికినట్టే, ఆ యాంటెన్నా లైనులో ఐసొలేటర్ పెట్టొచ్చు లేదా టీవీ నుంచి సౌండ్‌ని ఆప్టికల్ కేబుల్‌తో తీసుకోవచ్చు. ఆప్టికల్‌లో పారేది వెలుతురు, రాగి లేదు కాబట్టి లూప్ అనేదే ఉండదు. అన్నీ పీకేసినా హమ్ వస్తూనే ఉంటే అది యాంప్లిఫయర్ లోపలి సంగతి, దానికి కేబుల్‌ని తప్పుపట్టి లాభం లేదు. ఎట్టి పరిస్థితుల్లో హమ్ పోగొట్టడానికి ప్లగ్ ఎర్త్ పిన్ విరగ్గొట్టొద్దు, అది ప్రాణానికి సంబంధించిన తీగ. మన వైపు ఇళ్ళల్లో అసలు ఎర్తే సరిగ్గా లేకపోవడం ఎక్కువ, యాంప్లిఫయర్ మెటల్ బాడీ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటుంది, పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసి తీసిన ఎర్త్ గొయ్యికి ఎండాకాలంలో నీళ్ళు పోసే అలవాటు తప్పిపోయింటుంది. వెయ్యిరూపాయల కేబుల్ కొనేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఎర్త్ చూపించుకోవడం నయం.

మంచి షీల్డ్ ఉన్న ఆర్‌సీఏ కేబుల్‌కి విలువ ఉంది, అది నేను కాదనను, ముఖ్యంగా సబ్ వూఫర్‌కి ఆరేడు మీటర్లు లాగాల్సి వచ్చినప్పుడు, పక్కనే కరెంటు వైర్లు పోతున్నప్పుడు. అల్లిన రాగి షీల్డ్, గట్టిగా పట్టే ప్లగ్ ఉంటే చాలు. ఇంకా దూరం పోవాలంటే బ్యాలెన్స్‌డ్ కేబుల్ అనే పద్ధతి ఉంది. మన పైడితల్లమ్మ సిరిమాను సంబరాల్లో స్టేజీ మీద మైకు దగ్గర్నుంచి ఎక్కడో ఉన్న మిక్సర్ దాకా కేబుల్ లాగుతారు, చుట్టూ జనరేటర్లు, సీరియల్ లైట్లు, అయినా గొంతు శుభ్రంగా వస్తుంది. లోపల సిగ్నల్ మోసే తీగలు రెండుంటాయి, ఒకదాంట్లో సిగ్నల్ నేరుగా, రెండోదాంట్లో తిరగేసి పోతుంది, దారిలో పట్టుకున్న రొద రెండిట్లోనూ ఒకేలా ఉంటుంది, అవతల మిక్సర్ ఒకదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తే రొద కొట్టుకుపోయి సిగ్నల్ మిగులుతుంది. ఇంట్లో అర మీటరు దూరానికి దీని అవసరం రాదు.

డిజిటల్ కేబుల్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. హెచ్‌డీఎంఐ, ఆప్టికల్, యూఎస్‌బీ, వీటిలో పోయేవి సున్నాలూ ఒకట్లూ. సరిగ్గా చేరితే సౌండ్ అదే సౌండ్, చేరకపోతే తెర మీద చుక్కలు, మధ్యలో సౌండ్ తెగడం, స్క్రీన్ నల్లగా అయిపోవడం, అంతేగానీ బేస్ పల్చబడటం, గాయని గొంతులో తేనె తగ్గడం ఉండదు. అయితే హెచ్‌డీఎంఐలో పొడవు, స్పీడు చూసుకోవాలి, 4కే వీడియోకి 18 గిగాబిట్, 8కేకి గేమింగ్‌కి 48 గిగాబిట్ మోసేలా సర్టిఫై అయినవి ఉంటాయి, రెండు మీటర్ల దూరానికి మామూలు సర్టిఫైడ్ కేబుల్ చాలు, పది మీటర్లు లాగాలంటే మాత్రం చవకది పని చెయ్యకపోవచ్చు. పవర్ కేబుల్ అయితే ఇంకా సూటి. సబ్‌స్టేషన్ నుంచి మన వీధి స్తంభం దాకా కిలోమీటర్ల కొద్దీ అల్యూమినియం లైన్ల మీద వచ్చిన కరెంటు, గోడలోంచి చివరి ఒకటిన్నర మీటర్లు ఖరీదైన కేబుల్‌లో పోయినంత మాత్రాన యాంప్లిఫయర్ పవర్ సప్లై దాన్ని వేరుగా చూడదు. ప్లగ్ లూజుగా లేకుండా, ఎర్త్ ఉండి, వోల్టేజ్ ఊగిసలాడకుండా ఉండాలి. తుపాను తర్వాత కరెంటు వచ్చీపోతున్న రోజుల్లో, 2018 అక్టోబర్‌లో తిత్లీ అప్పుడు పలాస వైపు ఉన్నవాళ్ళకి తెలుసు, ప్లగ్ పీకి పెట్టుకోవడమే యాంప్లిఫయర్‌కి శ్రీరామరక్ష.

ఇంత చెప్పినా కొందరు, సరే గానీ నాకు తేడా వినిపించింది కదా అంటారు. వాళ్ళు అబద్ధం చెప్తున్నారని నేను ఎప్పుడూ అనుకోను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పిన కాలేజీ ఉన్న ఊరు మన విజయనగరం, 1919 నుంచి సంగీతం నేర్పుతున్న ఊరు, ఇక్కడ చెవి ఉన్నవాళ్ళకి లోటు లేదు. కానీ చెవి ఎంత సున్నితమైందో మనసు దాన్ని అంత తేలిగ్గా మారుస్తుంది. అర డీబీ సౌండ్ ఎక్కువుంటే మనకి సౌండ్ పెరిగింది అనిపించదు, బాగుంది అనిపిస్తుంది. పాత కేబుల్ పీకి కొత్తది పెట్టేటప్పుడు సాకెట్ మీద పట్టిన తుప్పు రాసుకుపోయి కాంటాక్ట్ శుభ్రం అవుతుంది, అదే పాత కేబుల్‌ని పీకి మళ్ళీ పెట్టినా అంతే మెరుగు వచ్చేది. వీటికి తోడు డబ్బు పెట్టి కొన్నాం కాబట్టి శ్రద్ధగా కూచుని వింటాం, అప్పటిదాకా పట్టించుకోని వీణ మీటు ఒకటి పాటలో వినపడుతుంది, అది ముందు నుంచీ ఉన్నదే.

1983లో అమెరికాలో స్టీరియో రివ్యూ అనే పత్రిక ఈ విషయం మీద కళ్ళకి కనపడకుండా వినిపించే పరీక్ష పెట్టింది, మందపు మాన్‌స్టర్ కేబుల్, ఇంట్లో దీపాలకి వాడే 16 గేజ్ వైరు, బాగా సన్నని 24 గేజ్ వైరు. సన్న వైరుని పింక్ నాయిజ్ అనే జలపాతం లాంటి హోరు మీద విని పట్టుకోగలిగారు, పైన మనం వేసిన లెక్క చెప్పేదీ అదే. దీపం వైరుకీ మాన్‌స్టర్‌కీ మ్యూజిక్ మీద మాత్రం తేడా పట్టుకోలేకపోయారు. 2007లో జేమ్స్ రాండీ అనే మెజీషియన్, ఏడు వేల డాలర్లు దాటిన ఒక స్పీకర్ కేబుల్‌ని మామూలు మంచి కేబుల్ నుంచి చూడకుండా చెవితో విడదీసి చెప్తే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు, ఆ పరీక్ష చివరికి జరగలేదు. ఇంట్లో మీరే చేసుకోవచ్చు. రెండు కేబుల్స్‌కీ స్పీకర్ టెర్మినల్ దగ్గర మల్టీమీటర్ పెట్టి ఒకే టెస్ట్ టోన్‌కి ఒకే వోల్టేజ్ వచ్చేలా వాల్యూమ్ సరిచేసుకోండి, మారుస్తున్నది మీకు కనపడకుండా ఇంకొకరు బొమ్మాబొరుసు వేసి మార్చాలి, 16 సార్లు విని ఏది ఏదో కాగితం మీద రాయాలి. 12 లేదా ఆ పైన సరిగ్గా వస్తే ఏదో నిజంగా వినపడుతోందని నమ్మొచ్చు, ఊరికే గుడ్డిగా చెప్పినా అన్ని సరిపోయే అవకాశం నూటికి నాలుగు లోపే. 8, 9 దగ్గర ఆగితే డబ్బు మిగిలినట్టు.

ఆ మిగిలిన డబ్బు గది మీద పెడితే చెప్పకుండానే వినపడుతుంది. మన హాళ్ళు చూడండి, నేల మీద టైల్స్ లేదా మార్బుల్, పైన శ్లాబ్, నాలుగు వైపులా నున్నటి గోడలు, చప్పట్లు కొడితే గణగణమని తిరిగొస్తుంది. 15 అడుగుల గదిలో 37, 38 హెర్ట్జ్ దగ్గర బేస్ ఒకచోట గుమ్మని పోగుపడి ఇంకోచోట మాయమైపోతుంది, ఈ ఎత్తుపల్లాలు పది డీబీ దాకా ఉండటం మామూలే, కేబుల్ దగ్గర మనం పదో వంతు డీబీ కోసం కొట్టుకుంటున్నాం. స్పీకర్‌ని గోడకి ఒక అడుగు ముందుకి లాగి, సోఫా వెనక గోడకి ఆనించకుండా జరిపి, నేల మీద మందపాటి తివాచీ ఒకటి, కిటికీకి బరువైన పరదా ఒకటి వేసి చూడండి.

కేబుల్ విషయంలో చివరిగా చేతిపని ఉంది, దీన్ని నిర్లక్ష్యం చేస్తే ఎంత మంచి రాగి అయినా దండగ. కళింగపట్నం, బారువ, ఇటు చింతపల్లి వైపు సముద్రం దగ్గర ఉన్న ఇళ్ళల్లో ఉప్పుగాలికి ఒలిచిన రాగి కొస ఏడాది తిరిగేసరికి నల్లబడి పచ్చ బూజులా పడుతుంది, స్ప్రింగ్ క్లిప్‌లో అది సరిగ్గా తగలక సౌండ్ వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు కేబుల్ మార్చక్కర్లేదు, కొస అంగుళం కోసేసి కొత్తగా ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలివేసి, ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్‌కి తగలకుండా పెట్టాలి, తగిలితే యాంప్లిఫయర్ పోవచ్చు. కొసకి తొడిగే ఫెర్రుల్ గానీ బనానా ప్లగ్ గానీ బిగిస్తే ఇంకా మంచిది.

రెండు స్పీకర్లకీ ప్లస్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి ఉందో లేదో కూడా చూడండి. ఒక స్పీకర్ తిరగబడితే కోన్‌లు ఒకటి ముందుకి ఒకటి వెనక్కి కదిలి బేస్ ఒకదాన్నొకటి తినేస్తాయి, పాట మధ్యలో నిలబడాల్సిన గొంతు గదంతా చెదిరిపోతుంది, ఏ రెండు కేబుల్స్ మధ్యా రానంత తేడా ఇది. అనుమానం ఉంటే యాంప్లిఫయర్ దగ్గర వైరు తీసి, ఆ కొసలకి 1.5 వోల్ట్ పెన్సిల్ బ్యాటరీ ఒక్క క్షణం తాకించండి, ప్లస్ వైరుకి ప్లస్ తగిలినప్పుడు మామూలుగా వూఫర్ కోన్ బయటికి రావాలి. రెండు స్పీకర్లూ ఒకే వైపు కదిలితే సరే, ఒకటి లోపలికి పోతే దాని వైర్లు రెండూ అటూ ఇటూ మార్చి బిగించండి.